జీరో చూసుకోండి

పెట్రోలు ముల్లు ఎర్రగీత కిందికి వాలిపోయాక కూడా బండిని ఇంకో నలభై కిలోమీటర్లు లాగించగల మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాడు మా ఆఫీసులోనే ఉన్నాడు. వాణ్ణి మేం మైలేజీ అంటాం. ఆ పేరు ఎందుకొచ్చిందంటే... వాడి బండి నడిరోడ్డు మీద ఆగిపోతే ఇప్పటికి ఏడుసార్లు మేమే వెళ్లి తోసుకొచ్చాం కాబట్టి.

మాది ఏసీలు బాగుచేసే ఆఫీసు. ప్రపంచాన్నంతా చల్లబరిచి, మేం మాత్రం ఫ్యాను కింద ఉడికిపోతుంటాం. నాలుగింటికి టీ గ్లాసులు రాగానే ఎవరో ఒకరు, "ఒరేయ్ మైలేజీ, ఆ బంకు కథ ఎత్తుకోరా" అంటారు. వాడు ఎత్తుకుంటాడు. వాడు చెప్పినట్టే మీకూ చెప్తాను. నా సొంత మసాలా ఏమీ కలపను, వాడిదే ఎక్కువైంది.

ఆ బంకు పాత రోడ్డు మీద, పద్దెనిమిదో మైలురాయి దాటగానే ఉంటుంది. కొత్త రోడ్డు పడ్డాక అటు వెళ్లేవాళ్లు లేక మూతబడింది. రేకుల కప్పు ఓ పక్కకి ఒరిగిపోయింది. రెండు పంపులున్నాయి. వాటికి పైపుల్లేవు, అద్దాల్లేవు, అంకెలు తిరగాల్సిన చోట ఉత్త బొరియలు. పగలు చూస్తే ఏమీ లేదు, తుప్పు తప్ప.

రాత్రి మాత్రం అక్కడ ఆగకూడదు.

ఆగితే, చీకట్లోంచి ఓ గొంతు వస్తుంది. మెల్లగా... మర్యాదగా...

"జీరో చూసుకోండి..."

పెట్రోలు కొట్టేముందు మీటరు సున్నా మీద ఉందో లేదో చూసుకోమంటారే, అదే మాట. మీటరే లేని పంపు పక్కన నిలబడి ఆ మాట అంటున్నదెవరు?

ఓ లారీ డ్రైవరు అద్దం దించి చూశాడట. ఎవరూ లేరట. వారం రోజులు జ్వరమట. ఓ పాలవ్యాను ఆయన బండి తిప్పే ధైర్యం కూడా లేక కిలోమీటరు పొడవునా రివర్సులోనే వెళ్లిపోయాడట. మొదట ఎవరు విన్నారో, ఎవరికి చెప్పారో మాత్రం ఎవరికీ తెలీదు. కానీ ఆ బంకు పేరు చెప్తే చాలు, మావాళ్లు రాత్రి కాల్ వచ్చినా పన్నెండు కిలోమీటర్లు చుట్టుతిరిగి కొత్త రోడ్డు మీదే వెళ్తారు. నేనూ అంతే. దాచుకోవడం దేనికి?

ఇక కథ.

రెండేళ్ల కిందట మైలేజీకి ఓ సంబంధం కుదిరేలా ఉంది. అమ్మాయికి వాడు నచ్చాడు. వాడికి అమ్మాయి మరీ నచ్చింది. తేలాల్సిందల్లా వాళ్ల నాన్న దగ్గరే. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు తప్పుడు తక్కెళ్లు పట్టుకున్న మనిషి. ఆయన వచ్చి బండి ముందు నిలబడితే చాలట, కూరగాయలవాడు అడక్కుండానే ఇంకో రెండు టమాటాలు వేసేవాడట.

"ఆస్తి లేకపోయినా ఫర్వాలేదు బాబూ. మాటలో తేడా ఉండకూడదు" అని మొదటిరోజే చెప్పేశాడాయన.

మైలేజీ వివరాలన్నీ చెప్పాడు. తల్లి లేదు. తండ్రి ఆయిల్ కంపెనీలో చేసి రిటైరయ్యారు. తను వాయిదాల మీద ఫ్లాటు కొంటున్నాడు. ఆయన అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఇక ఆ ఫ్లాటేదో చూసొస్తే, మర్నాడు పొద్దున్నే మాట చెప్తానన్నాడు.

ఆఫీసు కారు అడుక్కుని మైలేజీ ఆయన్ని తీసుకెళ్లాడు. ఆయన గోడలు తట్టి చూశాడు, కుళాయిలు తిప్పి చూశాడు, టేపు తీసి వంటగది కొలిచాడు. బయటపడేసరికి రాత్రి పది.

"ముల్లు బాగా కిందికుంది. పెట్రోలు కొట్టిద్దామా బాబూ?"

"ఆ ముల్లు ఉత్త పిరికిది మావయ్యగారూ. ఇంకో నలభై లాగుతుంది."

ఇంకా మావయ్య కాలేదు. మొదటిరోజు నుంచే పిలవడం మొదలుపెట్టాడు.

పావుగంట వెళ్లారో లేదో, కొత్త రోడ్డు మీద ట్యాంకరు అడ్డంగా పడి ఉంది. పోలీసులు దారి మూసేశారు. బండ్లన్నీ తెల్లారేదాకా అక్కడే ఆగిపోయాయి, తొందరున్నవాళ్లకి పాత రోడ్డొక్కటే.

మైలేజీ బండి పక్కకి తీసి ఆపేశాడు.

"వెనక్కి తిప్పేయమంటారా మావయ్యగారూ? అటు నుంచి చుట్టు తిరిగి..."

"ఎందుకూ? పాత రోడ్డుకేమొచ్చింది?"

"దెయ్యముంది."

ఆయన నవ్వలేదు. ఇన్‌స్పెక్టరు కదా, వివరం అడిగాడు.

"ఏం చేస్తుందది?"

"జీరో చూసుకోమంటుంది."

"మంచిదే! ఆ మాట మనుషుల చేత అనిపించలేక ముప్పై ఏళ్లు చచ్చాను. పోనీ పద."

పాత రోడ్డెక్కారు. ఎదురుగా ఒక్క దీపం లేదు. రెండు కిలోమీటర్లు వెళ్లగానే ముల్లు పక్కన ఎర్రలైటు వెలిగింది. మైలేజీ తనకొచ్చిన విద్యలన్నీ బయటికి తీశాడు. ఏసీ ఆపాడు. అద్దాలు మూశాడు. పల్లమొస్తే ఇంజను ఆపి జార్చాడు. పదహారో రాయి... పదిహేడు... ఆ బంకొక్కటీ దాటిస్తే చాలు, తర్వాత ఎక్కడాగినా ఫర్వాలేదు, ఇంటిదాకా తోసుకెళ్లమన్నా తోస్తాను, అనుకుంటున్నాడు.

పద్దెనిమిది.

బండి ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. వాడు యాక్సిలరేటరు నేలకి నొక్కేశాడు...

ఆగింది. సరిగ్గా రేకు కింద, రెండో పంపు పక్కన.

ఇంజను చల్లబడుతూ టిక్... టిక్... అంటోంది. మైలేజీ లైట్లు ఆర్పేశాడు.

"లైట్లెందుకయ్యా ఆర్పావు?"

"ష్... దిగొద్దు మావయ్యగారూ. పిలవొద్దు. కాసేపు చప్పుడు చేయకుండా కూర్చుంటే అదే పోతుంది."

పోలేదు. వచ్చింది.

టప్... చిర్... టప్... చిర్...

ఒక అడుగు ఒకలా, ఇంకో అడుగు ఇంకోలా. పంపుల వెనక గదిలోంచి. ఆ చప్పుడు వినగానే మైలేజీ ఒళ్లంతా చల్లబడిపోయింది. ఆ మాట మాత్రం వాడు ఎన్నిసార్లు చెప్పినా ఒకేలా చెప్తాడు.

టార్చి వెలిగింది. వెలుగు ముందు బానెట్ మీద పడింది. అద్దం మీదికి పాకింది. మైలేజీ మొహం మీద ఆగింది.

ఒకటి... రెండు... మూడు...

ఆరిపోయింది.

చీకట్లో ఓ ఆకారం. నెత్తి నుంచి మెడ దాకా టోపీ, ముక్కు దాకా మఫ్లరు. ఒక చేతిలో క్యాను. రెండో చేతిలో అల్యూమినియం లీటరు కొలత. కారు చుట్టూ తిరిగి మామగారి వైపుకొచ్చింది. మైలేజీ వద్దు వద్దంటున్నా ఆయన అద్దం దించాడు.

"పెట్రోలుందా?"

ఆకారం తలూపింది. ఖాళీ కొలతని ఆయన కళ్లముందు బోర్లించింది. ఒక్క చుక్క రాలలేదు.

"జీరో చూసుకోండి..."

అది గొంతా? ఎండుటాకు అరచేతిలో నలిపినట్టుంది.

క్యాను వంచి కొలత నింపింది. వంగి, కన్ను గీత దగ్గర పెట్టి చూసింది. ఇంకో నాలుగు చుక్కలు పోసింది. అప్పుడు ట్యాంకులో వంచింది. మళ్లీ బోర్లించింది. మళ్లీ "జీరో..." మూడు లీటర్లు, మూడుసార్లు.

మామగారు నోటు తీసి మైలేజీకిచ్చాడు. "ఇవ్వు బాబూ. చిల్లర అడక్కు."

మైలేజీ తన వైపు అద్దం దించి, కళ్లు మూసుకుని చెయ్యి బయటపెట్టాడు. "ఉంచుకో పెద్దాయనా" అన్నాడు.

ఆకారం వంగింది. ఇంకా వంగింది. వాడి చెవి దగ్గరికొచ్చింది...

ఇక్కడ వాడు ఆగుతాడు. మా టీలు చల్లారిపోతాయి.

"ఏమందిరా?"

"మళ్లీ... రా... అంది."

బండి స్టార్టయింది. లైటు వెలుగులో ఒక్క క్షణం కింద కాళ్లు కనిపించాయి. మడమలు ముందుకి, వేళ్లు వెనక్కి!

అంతే. ప్రతిసారీ ఎవరో ఒకరు గ్లాసు వదిలేస్తారు. ఆఫీసులో ఇప్పుడు ఆరు గ్లాసులు తక్కువున్నాయి.

"మరి మీ మామగారేమన్నార్రా?"

"దెయ్యమో మనిషో, కొలత మాత్రం నిఖార్సు అన్నారు."

మర్నాడు పొద్దున్నే సంబంధం ఖాయమైంది. "నీ పెళ్లి చేసింది దెయ్యమేరా" అని వాణ్ణి ఏడిపించాం. పెళ్లికి అందరం వెళ్లాం. మైలేజీ వాళ్ల నాన్నగారు కోటు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. గొంతు పోయిందట, అందరికీ చేతులు జోడించడమే తప్ప పూటంతా ఒక్క మాట లేదు. పెద్ద ఉద్యోగం చేసినాయన, బిగుసుకునే ఉంటాడులే అనుకున్నాం. బిగుసుకున్నాడనే మాట అన్నది నేనే.

కథ ఇన్నాళ్లూ ఇక్కడితో అయిపోయేది.

పోయిన వారం మైలేజీ జ్వరమని ఐదురోజులు రాలేదు. నిన్న వచ్చాడు. నాలుగింటికి టీ వచ్చింది. కొత్తగా చేరిన స్టోరు మేడమ్ ఇంకా ఆ కథ వినలేదు. అందరం కలిసి వాడి మీద పడ్డాం. చెప్పాడు. ఎప్పటిలా చేతులు తిప్పలేదు, గొంతు మార్చలేదు. కాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు.

మేడమ్ అడిగింది. "ఆ దెయ్యం ఇంకా అక్కడే ఉందా బాబూ?"

"లేదు మేడమ్. పోయిన గురువారం పోయింది."

పగలబడి నవ్వాం. "దెయ్యం పోవడమేంట్రా!"

వాడు నవ్వలేదు.

"కాళ్లు వెనక్కి లేవు" అన్నాడు. "ముందుకే ఉన్నాయి. రబ్బరు చెప్పులు. ఎడమదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది, అందుకే ఆ చప్పుడు. పిన్నీసు పెట్టింది నేనే. ఆ నెల ఆయనకి కొత్తవి కొంటానని చెప్పి, మామగారొస్తున్నారని నాకు బూట్లు కొనుక్కున్నాను."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఆయిల్ కంపెనీ అంటే ఆ బంకేరా. ఇరవై ఆరేళ్లు అక్కడ పంపు పట్టుకున్నాడు మా నాన్న. మూతబడ్డాక, ఇనప సామాను పోకుండా ఓనరు ఆయన్నే రాత్రి కాపలా పెట్టుకున్నాడు. దారిలో ఆగిపోయేవాళ్ల కోసం ఓ క్యాను దగ్గరుంచుకునేవాడు."

"మరి ఆ గొంతు?" అన్నాను.

"టార్చి నా మొహం మీద పడ్డాక మార్చాడు. పక్కన ఎవరున్నారో చూసి."

"చెవిలో అన్నది?"

"'తిన్నావా' అన్నాడు." వాడు చొక్కా జేబు తడుముకున్నాడు. "ఆ నోటు మడిచి మళ్లీ నా జేబులోనే పెట్టాడు."

ఫ్యాను తిరుగుతోంది.

"బండి కదిలాక మామగారు అన్నారు, 'ఎవరూ చూడని చీకట్లో కూడా గీత దాకా కొలిచాడయ్యా ఆ మనిషి. అలాంటాయన కొడుకైతే ఫ్లాటూ గీటూ చూడకుండా పిల్లనిచ్చేసేవాణ్ణి' అని."

"చెప్పేయకపోయావురా!" నా నోట్లోంచి వచ్చేసింది.

"బంకువాడి కొడుకుని ఒప్పుకునేవారు. అబద్ధాలకోరుని ఒప్పుకోరు కదా. అందుకే, దెయ్యమే మావయ్యగారూ, కాళ్లు వెనక్కున్నాయి, నేను చూశాను అన్నాను. ఆ ముక్క అప్పుడు పుట్టింది." గ్లాసులో మిగిలిన టీ తాగేశాడు. "పెళ్లిలో ఆయన గొంతేమీ పోలేదు. ఎవరొచ్చినా సార్ అంటాడు, అలవాటు. అందుకని నేనే నోరు విప్పొద్దన్నాను."

మేడమ్ కొత్త మనిషి కాబట్టి అడగగలిగింది.

"మరి... అసలు అక్కడ దెయ్యముందని మొదట ఎవరు పుట్టించారు బాబూ?"

మైలేజీ ఖాళీ టీ గ్లాసుని బల్ల మీద బోర్లించాడు.

"మీరంతా రాత్రి కాల్స్‌కి ఆ దారినే వెళ్లేవాళ్లు. ఎప్పుడో ఒకరోజు ఆగేవాళ్లు. ఆయన మీ అద్దం తుడిచి, చొక్కా మీద ఆఫీసు పేరు చూసి, మా అబ్బాయి కూడా అక్కడేనండీ సార్ అనేవాడు" అన్నాడు. "మొదట చెప్పింది నేనే. ఈ బల్ల దగ్గరే."