ఇరవై తొమ్మిదో తేదీ తెలియని పెట్టె

హలో... హలో! వినబడతా ఉందా? ఆఁ, సరి. అందరూ తిన్నారా? నేను మీ వరదరాజులు, పుదుచ్చేరి నుంచి. ఒక సీక్రెట్ ఏజెంట్ కథ చెప్తాను. పక్కన టీవీ ఉంటే కొంచెం సౌండ్ తగ్గించండి.

2008 ఫిబ్రవరి 29, శుక్రవారం. పొద్దున తొమ్మిది.

"రంగన్, డోర్ లాక్ చెయ్," అన్నాడు చీఫ్ ఆదికేశవన్.

ఏజెంట్ విజయరంగన్ లాక్ చేసినాడు.

"నిన్న సాయంత్రం అరియాంకుప్పం బస్ స్టాప్‌లో ఇంజనీర్ రఘునాథన్‌ని ఎత్తుకొని పోయినారు. రాడార్ డ్రాయింగ్ అంతా ఆయన తలకాయలోనే ఉండాది. ఫారిన్ గ్యాంగ్. పేరు సీగల్."

"యాడ దాచినారు సార్?"

"అదే తెలియదు. మనం వింటామని వాళ్ళు ఫోన్ ముట్టరు. టీవీకి తగిలించే గేమ్ పెట్టె ఉంటాది చూడు, దాంట్లో బోట్ రేస్ ఆడతా ఆడతా మెసేజ్ పంపుకుంటారు. వాళ్ళ కొరియర్ మనకి దొరికినాడు. వాడి ముఖం గ్యాంగ్‌లో ఎవరూ చూడలేదు. పదకొండుకి గేమ్‌లో చోటు చెప్తారు. కొరియర్ పోయి రఘునాథన్‌ని బోటు ఎక్కించాల. పన్నెండు లోపల ఎవరూ పోకపోతే కాపలావాడు కాల్చేస్తాడు."

"అయితే కొరియర్?"

"నువ్వే. ఇదిగో వాడి పాస్‌వర్డ్ లిస్ట్. తేదీకి ఒక మాట."

విజయరంగన్ లిస్ట్ మడిచి జేబులో పెట్టినాడు. బయట బెంచీ మీద రఘునాథన్ భార్య జయంతి. రాత్రి నుంచి అట్లే కూర్చోనుండాది. పక్కన కాఫీ చల్లారి మీగడ కట్టింది.

"తమ్ముడూ, తీసుకొని వస్తావా?"

"వస్తానక్కా." ఆ మాట ఎందుకు చెప్పినానా అని తర్వాత శానా సేపు బాధపడినాడు.

కొరియర్ అద్దెకుండే రూమ్ మూలకుళంలో, మేడ మీద. మనోడు దొంగ మీసం, ఖాకీ చొక్కా, టూల్ బ్యాగ్‌తో టీవీ మెకానిక్ డిస్‌గైజ్. డిస్‌గైజ్ ఎంత బాగుందంటే, ఇంటి ఓనర్ వసంతమ్మ మెట్ల దగ్గరే పట్టుకుంది.

"మెకానిక్కువా? మా మిక్సీ తిరగడం లేదప్పా. పైకి తెస్తా, చూడు."

"సరి పెద్దమ్మా, తర్వాత."

పదిన్నరకి పెట్టె ఆన్ చేసినాడు. కుయ్ అని సౌండ్. స్క్రీన్ మీద ఒకటే లైన్: తేదీ తప్పు. గేమ్ తెరవడం కుదరదు.

ఆఫ్. ఆన్. తేదీ తప్పు. వైరు పీకి తగిలించినాడు. తేదీ తప్పు. తేదీ మార్చుదామంటే ఆ మెనూ కూడా తెరుచుకోదు. పెన్ కెమెరా ఉండాది, వాచీలో వైర్‌లెస్ ఉండాది, బూటులో కత్తి ఉండాది. ఏం చేయాల వాటితో? గేమ్ పెట్టెని పొడవాలనా?

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినాడు.

"సార్, మా పెట్టెకి లీపు సంవత్సరం తెలియదు సార్. దాని లెక్కలో ఈ రోజు లేదు సార్."

"నేను ఈ రోజులోనే కదమ్మా ఉండాను!"

"రేపు ట్రై చేయండి సార్. అదే సరిపోతుంది."

"రేపటికి మనిషి ఉండడమ్మా."

"ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

పదకొండు అయింది. మెసేజ్ యాడనో వచ్చే ఉంటుంది, ఈ పెట్టె లోపలికి రాలేదు. చీఫ్‌కి ఫోన్ చేస్తే, "ఏదో ఒకటి చెయ్ రా," అన్నాడు. ఏం చేసేది? విజయరంగన్ పెట్టె మీద చెయ్యి పెట్టి, జ్వరం వచ్చిన బిడ్డ దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాడు.

పదకొండూ ఇరవై. తలుపు మీద మూడు దెబ్బలు.

తిలగం! నల్ల కళ్ళద్దాలు, ఫ్రెంచి సెంటు, హ్యాండ్‌బ్యాగ్‌లో పిస్తోలు. డబుల్ ఏజెంట్. మనకీ పని చేస్తుంది, సీగల్‌కీ పని చేస్తుంది. ఏ రోజు ఎవరి పక్కనో దేవుడికే తెలియాల.

ఆమె టీవీ వైపు చూసింది. "ఇదీ చచ్చిందా?"

విజయరంగన్‌కి లైట్ వెలిగింది. ఇదీ అంటే వాళ్ళదీ! అందుకే ఎన్నడూ లేనిది మనిషిని పంపినారు.

వేరే దారి లేక ఈ ఒక్క రోజుకి ఫోన్ కూడా ముట్టినారు. తిలగం స్పీకర్‌లో పెట్టింది. అవతల బాస్, నడి సముద్రంలో బోటు మీద నుంచి, ఇంగ్లీషులో.

"కొరియర్, టుడేస్ పాస్‌వర్డ్?"

విజయరంగన్ లిస్ట్ తెరిచినాడు. ఇరవై ఏడు, లాంతరు. ఇరవై ఎనిమిది, ఉప్పుగాలి. దాని కింద ఖాళీ. ఫిబ్రవరి అంటే ఇరవై ఎనిమిదే అని రాసి పెట్టినాడు మహానుభావుడు!

"టెన్ సెకండ్స్."

ఉప్పుగాలి అనాలనా? కొత్త మాట ఒకటి కట్టాలనా? చెమటకి మీసం ఒక పక్క ఊడింది. తిలగం చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. జయంతక్క కాఫీ గుర్తుకొచ్చింది. పొద్దున నుంచి ఆ పెట్టె కొట్టిన దెబ్బకి అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

"నో పాస్‌వర్డ్ సార్. నా లిస్ట్‌లో ఈ దినమే లేదు."

 బాస్ పెద్దగా ఊపిరి వదిలినాడు.

"కరెక్ట్. నా లిస్ట్‌లో కూడా లేదు. వేరే ఎవడైనా అయితే ఏదో ఒక మాట కల్పించి ఉంటాడు."

అప్పుడే తలుపు తోసుకొని వసంతమ్మ. "మెకానిక్కా! మిక్సీ తెచ్చినాను!"

"హూ ఈజ్ దట్?" అన్నాడు బాస్.

తిలగం మిక్సీని చూసింది. ఊడిన మీసాన్ని చూసింది. పిస్తోలు లోపలే వదిలి, ఉత్త చెయ్యి బయటికి తీసింది.

"హౌస్ ఓనర్ సార్. మిక్సీ రిపేరంట."

"ఓకే. ఏంబలం. చెరుకు తోటలో పంపు షెడ్డు. గో."

"మీసం అతికించుకో," అంది తిలగం. "ఈ రోజుకి మీ పక్కనే ఉండాను. రేపు అడగొద్దు."

వాచీ వైర్‌లెస్‌లో చీఫ్‌కి చోటు చెప్పి, ఏంబలంకి బైకు ఎట్లా తోలినాడో అతనికే తెలియదు. షెడ్డు ముందర కాపలావాడు వాచీ చూసుకుంటా తుపాకీ ఎత్తినాడు. పదకొండూ యాభై తొమ్మిది.

"కొరియర్!" అని అరిచినాడు విజయరంగన్.

కాపలావాడు తుపాకీ దించినాడు. వెనకాలే చీఫ్ జీపు వచ్చి వాడిని ఎత్తుకొని పోయింది. ఒంటి గంటకి జయంతి మొగుడి పక్కన కూర్చొని వేడి కాఫీ తాగింది.

మరుసటి రోజు పెట్టె ఏమీ ఎరగనట్టు తనంతట తానే బాగుపడింది. విజయరంగన్ రిపోర్ట్ టైప్ చేసినాడు, తేదీ 29 అని కొట్టినాడు. ఆఫీస్ కంప్యూటర్ చెప్పింది: తేదీ తప్పు.

అంతే. గవర్నమెంట్ లెక్కలో ఆ మిషన్ ఇంతవరకూ జరగనే లేదు. వసంతమ్మ మిక్సీ కూడా తిరగలేదు.

సరి, పెట్టేస్తా. మీకు తెలిసినోళ్ళు ఎవరైనా ఇరవై తొమ్మిదిన పుట్టి ఉంటే, ముందు వాళ్ళకి ఈ కథ పంపండి. పాపం, వాళ్ళని కూడా ఎన్ని పెట్టెలు లేరని చెప్పినాయో.