క్షేమమీట

మధ్యాహ్నం మూడింటికి నీలవేణి క్షేమమీట నొక్కింది. పచ్చదీపం వెలిగి ఆరింది. ఏడో దిగుడులో నలభై ఒక్కమందీ బతికే ఉన్నారని పైకేంద్రానికి తెలిసిపోయింది. సముద్రపు అడుగున ఉన్న ఆ గనిలో గంటగంటకూ మీట నొక్కడం, పనివాళ్ల ఉత్తరాలు పైకి పంపడం ఆమె ఉద్యోగం. మీట తీగ వేరు, ఉత్తరాల తీగ వేరు. మీట తీగ ఎన్నడూ తెగిన పాపాన పోలేదు. గంట దాటి పది నిమిషాలైనా మీట పడకపోతే ప్రమాదం జరిగినట్టే లెక్క. అప్పుడు తవ్వకాలన్నీ ఆగిపోతాయి, ఒప్పందాలు గడువులతో సహా నిలిచిపోతాయి, రక్షణతొట్టి దిగి అందరినీ తీసుకెళ్లి వైద్యుడి ముందు నిలబెడుతుంది. ఆరేళ్లలో ఆ తొట్టి మొహం చూసినవాడు లేడు.

బల్లకు అవతల మైలపల్లి నూకరాజు నిలబడి ఉన్నాడు. గనిలో తవ్వే మనిషి, యాభై రెండేళ్లవాడు. నాలుగు మాటలకోసారి దగ్గుతాడు. ఇంకో రెండేళ్లు ఈ లోతులో ఉంటే ఊపిరితిత్తులు పనికిరాకుండా పోతాయని రాసిన వైద్యుడి కాగితం అతని చేతిలో ఉంది. ఈ రోజు ఐదింటిలోగా ‘నేను కొనసాగను’ అన్న ఉత్తరం పైకి అందాలి. అందకపోతే ఒప్పుకున్నట్టే, మరో రెండేళ్లు పొడిగింపు. కిందటి రెండుసార్లూ అతను ఉత్తరం రాయించాడు. రెండుసార్లూ అందలేదు. రెండేళ్ల కోసం దిగినవాడికి ఇది ఆరో ఏడు.

“సదువమ్మా ఓపాలి,” అన్నాడు.

దిగుడులో ఆనవాయితీ అది. పంపేముందు ఉత్తరం చదివి వినిపించాలి. సరేనంటే రాయించినవాడు బల్ల మీద రెండుసార్లు తట్టాలి. నీలవేణి చదివింది. నూకరాజు తట్టాడు. ఉత్తరాలు పంపే ప్రోగ్రాం లేఖికలో దాన్ని పెట్టి ఆమె పంపింది.

తెర మీద గీత సగం దాకా పాకి ఆగింది. ‘పైకేంద్రంతో సంబంధం తెగింది’ అని ఒక ముక్క చూపించి లేఖిక తనంతట తనే మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే పెట్టె ఖాళీ. తీగ తెగితే ఉత్తరాన్ని దాచుకుని కాసేపు ఆగుదామన్న బుద్ధి ఆ ప్రోగ్రాంకు ఎవరూ పెట్టలేదు. ఉత్తరాన్ని వెంటేసుకుని మరీ కూలబడుతుంది. ఆమె మళ్లీ రాసింది. మళ్లీ కూలింది. మూడోసారీ అంతే. నీలవేణికి ఒళ్లు మండిపోయింది. ఈ రోగం గురించి పదకొండు ఫిర్యాదులు పెట్టింది. లేఖిక మీద ఫిర్యాదు లేఖిక ద్వారానే పంపాలట! ఆ నిబంధన రాసినవాడు దొరికితే చెంపలు వాయించాలని ఆమెకు ఎన్నిసార్లు అనిపించిందో.

నాలుగుకు పది నిమిషాలుందనగా మాటగొట్టం అందుకుంది. పైకేంద్రం పర్యవేక్షకుడు ప్రభాకరం పలికాడు.

“సార్, ఉత్తరాల తీగ పోయింది. నూకరాజు కొనసాగనంటున్నాడు. నేను చెబుతాను, రాసుకోండి.”

“నోటిమాట చెల్లదమ్మా. లేఖ రావాలి.”

“రానివ్వనిది మీ తీగే కదా!”

“మరమ్మతులు జరుగుతున్నాయి. రేపటికి బాగవుతుంది.”

“గడువు ఈ రోజు సార్. కిందటి రెండుసార్లూ ఇంతే. సరిగ్గా గడువు రోజునే వస్తాయా మీ మరమ్మతులు?”

“అవన్నీ నాకు తెలియవు. గడువు గడువే,” అని అతను గొట్టం మూసేశాడు.

నూకరాజు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “పోనీలెమ్మా. ఏటి సేస్తాం? నానెల్లి పనిలోకి దిగుతాను.”

ప్రభాకరం మాటలకన్నా ఆ ‘పోనీలెమ్మా’ ఆమెను ఎక్కువ కాల్చింది. కోపం నూకరాజు మీదకు పోయి, అక్కణ్ణుంచి తిరిగి తన మీదకే వచ్చింది. పోయిన నెల ఇతను ఈ బల్ల దగ్గరే నెత్తురు కక్కాడు. ఆ గంటలోనూ తను క్షేమమనే నొక్కింది. ఆ అబద్ధం మాత్రం నిమిషం ఆలస్యం లేకుండా పైకి చేరింది.

నాలుగు గంటలు కొట్టింది. అలవాటుగా చెయ్యి మీట మీదకు వెళ్లింది. నీలవేణి దాన్ని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

“అమ్మా, మీట...”

“తెలుసన్నయ్యా. ఆ కుర్చీ లాక్కుని కూర్చో.”

“ఉజ్జోగం పోద్దమ్మా నీది. జైల్లో ఎట్టెత్తారు.”

“పెట్టనీ. అక్కడైనా ఉత్తరాలు పోతాయేమో చూద్దాం.”

ఐదు నిమిషాలకు ఎర్రదీపం వెలిగింది. తొమ్మిదో నిమిషంలో మాటగొట్టం బద్దలయ్యేలా ప్రభాకరం అరిచాడు.

“మీట నొక్కలేదేం? ఇంకో నిమిషంలో గనులన్నీ ఆగిపోతాయి! మాట్లాడుతున్నావు కదా, బాగానే ఉన్నారు కదా అందరూ? అవునని ఒక్క మాట చెప్పమ్మా, తొట్టి దిగకుండా నేను ఆపించేస్తాను!”

నీలవేణి గొట్టం దగ్గరకు వంగింది.

“నోటిమాట చెల్లదు సార్. మీట రావాలి.”

అవతల అతను ఇంకా ఏదో అరుస్తూనే ఉన్నాడు. ఆరేళ్లుగా చెవుల్లో హోరెత్తిస్తున్న తవ్వుడుయంత్రాల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. ఎక్కడో పైన గొలుసులు కదిలాయి. రక్షణతొట్టి దిగుతోంది.

నూకరాజు జేబులోంచి వైద్యుడి కాగితం తీసి విప్పాడు. దాన్ని బల్ల మీద పరిచి, రెండుసార్లు తట్టాడు.