పదకొండు చామంతి డబ్బాలు

"ఆ డబ్బా మీద చెయ్యేశావంటే ఊరుకోను, చెబుతున్నా!"

రెబ్కమ్మ చీపురు పైకెత్తింది. ఊడవడానికో కొట్టడానికో హెలెన్‌కి అర్థం కాలేదు. అరుగు మీద వరసగా పదకొండు పురుగుమందు డబ్బాలున్నాయి. మూతుల దగ్గర కత్తితో కోసి, మట్టి నింపి, ఒక్కోదాంట్లో ఒక్కో చామంతి మొక్క పెట్టింది రెబ్కమ్మ. అక్టోబరు నెల కావడంతో అప్పుడప్పుడే మొగ్గలు తొడుగుతున్నాయి.

"ఆంటీ, అవి విషం డబ్బాలు. ఊళ్లో ఉన్న ఖాళీ డబ్బాలన్నీ మా మిరప కంపెనీ వెనక్కి తీసుకెళుతోంది. చేలో గానీ, కాలవలో గానీ, ఇంట్లో గానీ ఒక్కటి కూడా ఉండకూడదు."

"క్రిస్మస్‌కి చర్చిలో పూలు మీ కంపెనీ పెడుతుందా?"

"మేడమ్!" అంటూ వెనకనుంచి ఒక గొంతు పలికింది. "డబ్బాలు తీసుకెళ్తే తీసుకెళ్లండి, వాటితోపాటు మా అమ్మని కూడా తీసుకెళ్లండి. ఆ మొక్కలు లేకపోతే ఆవిడ ఇక్కడ ఉండదు."

మోకాళ్లదాకా బురదతో వచ్చాడు రెబ్కమ్మ కొడుకు ఏసుబాబు. పర్చూరు దాటాక ఉన్న ఆ ఊళ్లో రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. నవ్వితే ఒక చెంప మాత్రమే సొట్టపడుతుంది. హెలెన్ ఆ సొట్ట చూడలేదు. చూడలేదని తనకి తాను రెండుసార్లు చెప్పుకుంది కూడా.

ఆమె కింద కూర్చుని, ఒక్కో మొక్కనీ వేళ్లు తెగకుండా తీసి, గోడ పక్కన నేలలో నాటింది. ఖాళీ డబ్బాలు గోతంలో వేసుకుంది. చుడీదార్ నిండా మట్టి అయింది.

"ఇవి బతక్కపోవాలి, అప్పుడు చెబుతా నీ పని, డబ్బాల పిల్లా!" అంది రెబ్కమ్మ.

ఆ పేరు ఊరంతా పాకిపోయింది.

ఆ ఏడే కంపెనీ, గుంటూరుకి అవతల పెదకాకాని రోడ్డులో ఉన్న తన గేటు మీద పెద్ద బోర్డు పెట్టింది. భూమికీ మనిషికీ హాని చేసే మందు కొట్టిన కాయ ఈ గేటు దాటదు అని అందులో రాయించింది. మాట ఇవ్వడం కంపెనీ పనైతే, దాన్ని ఊళ్లలో నిలబెట్టడం హెలెన్ పని. చీరాల నుంచి వారానికి రెండుసార్లు బస్సులో వచ్చేది. పురుగుని పట్టే నీలం రంగు జిగురు అట్టలు చేలల్లో కట్టించేది. వేపగింజల కషాయం ఎలా కాయాలో చూపించేది. ఊళ్లో ముప్ఫైమంది రైతులు సంతకాలు పెట్టారు. ఏసుబాబు అందరికంటే చివర పెట్టాడు.

"ఇన్నాళ్లు ఆలోచించారేం?" అని అడిగింది.

"మొదటే పెడితే మీరు మా ఇంటికి మళ్లీ రారు కదండీ."

హెలెన్ కాగితంలో తల దాచుకుంది.

డిసెంబరులో తుపాను వాన చేలో ఉండగా పట్టుకుంది. ఇద్దరూ ఒకే టార్పాలిన్ పట్టా చెరొక చివరా పట్టుకుని నెత్తిమీద కప్పుకున్నారు.

"చేతులు నొప్పి పుడుతున్నాయా మేడమ్?"

"లేదు. మీకు?"

"వాన తగ్గితే పుడతాయి."

ఆమె నవ్వింది. మరుక్షణమే దిగులు పడింది. హెలెన్‌కి సంతోషం వెనకే భయం నడిచి వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఆమెకి పదేళ్లప్పుడు వాళ్ల నాన్న మార్కు పొద్దున్నే మందు పంపు భుజానికి తగిలించుకుని, పత్తిచేలో కూలికి వెళ్లాడు. మధ్యాహ్నం స్పృహ లేని మనిషిని ఆటోలో తెచ్చారు. ఆసుపత్రిలో ఉండి ఉండి బతికి బయటపడ్డాడు గానీ, ఈ రోజుకీ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. అప్పటినుంచి ఎవరు వెళుతున్నా సరే, వాళ్లు మలుపు తిరిగేదాకా హెలెన్ కదలకుండా చూస్తూ నిలబడుతుంది.

ఏసుబాబు అది కనిపెట్టాడు. "నేను పక్క చేలోకి వెళుతున్నానండీ, ఢిల్లీకి కాదు" అనేవాడు. అలా అంటూనే గట్టు చివరిదాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగేవాడు.

జనవరిలో నల్ల తామర పురుగు వచ్చిపడింది. ఒక మధ్యాహ్నం ఏసుబాబు మందు పంపు తీసుకుని కాలవలోకి దిగబోతుంటే హెలెన్ గట్టు మీదనుంచి కేకేసింది.

"ఏసుబాబు గారూ! పంపులు కాలవలో కడగొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? ఆ నీళ్లే కింద ఊరివాళ్లు తాగేది!"

అతను రెండు చేతులూ పైకెత్తాడు. "తప్పైపోయింది మేడమ్. మీ మాటే మాట." పంపు భుజానికెత్తుకుని చేలోకి వెళ్లిపోయాడు. మాట విన్నందుకు హెలెన్‌కి ఎంత గర్వంగా ఉందో!

కాయలు ఎర్రబడి కల్లాల్లో ఆరుతున్న రోజుల్లో, ఫిబ్రవరి నెలాఖరున, కంపెనీ మేనేజరు మొహిద్దీన్ బాషా ఫోన్ చేశాడు.

"హెలెన్, నీ ఊరి శాంపిల్స్ వచ్చాయి. ఇరవై తొమ్మిది బాగున్నాయి. ఒకదాంట్లో మందు ఉంది."

"ఎవరిదండీ?"

"ఏసుబాబుదట. అతని కాయ మనం కొనం. నువ్వెలా చూడలేదని పైవాళ్లు అడుగుతున్నారు. నిన్ను బళ్లారి వైపు మార్చమంటున్నారమ్మా. శుక్రవారం ఆఫీసుకి రా."

హెలెన్ వెంటనే ఏసుబాబుకి ఫోన్ చేసింది.

"నిజం చెప్పండి. చేలో ఏం కొట్టారు?"

"కషాయం. మీరు కాయించిందే."

"రిపోర్టులో మందు ఉందండీ."

 అతను మెల్లగా అడిగాడు. "మీరు దేన్ని నమ్ముతారు? ఆ కాగితాన్నా, నన్నా?"

హెలెన్ నోరు తెరిచింది. ఒక్క క్షణం మాట రాలేదు, అంతే. ఆ ఒక్క క్షణం చాలింది. ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ చేస్తే ఎత్తలేదు, మర్నాడూ ఎత్తలేదు. రెబ్కమ్మకి చేస్తే, "అన్నం కూడా తినకుండా ఎటో పోయాడమ్మా. వేరే చేలో కాయలు నాలుగు పంపి మళ్లీ చూపించరాదూ? ఎవరికి తెలుస్తుంది?" అని ఏడ్చింది.

"నాకు తెలుస్తుంది కదా ఆంటీ" అని తనూ ఏడ్చింది హెలెన్.

శుక్రవారం గుంటూరు బస్సెక్కింది. దారి పొడుగునా కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. కిటికీలోంచి ఘాటు వచ్చి కళ్లు మండుతున్నాయి, కారే కన్నీళ్లకి మిరపకాయల సాకు దొరికింది. అన్నం తినకుండా ఎటు పోయినట్టు? మందు డబ్బాలున్న ఇళ్లలో మనిషి అలిగి బయటికెళితే ఆమెకి మంచి ఆలోచనలు రావు. తను బళ్లారి వెళ్లాల్సొచ్చినా సరే, ఆ మనిషి ఎక్కడో ఒకచోట క్షేమంగా ఉంటే చాలు ప్రభువా అనుకుంది.

బస్సు దిగి కంపెనీ గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ గొడవ జరుగుతోంది.

"పంపుతో లోపలికి పోనివ్వనంటే పోనివ్వను! కంపు కొడుతోంది!" అంటున్నాడు వాచ్‌మన్.

"కంపు కొట్టబట్టే తెచ్చానయ్యా! దీన్నే పరీక్ష చేయమంటున్నా!"

బోర్డు కింద పంపుని చంటిపిల్లాడిలా ఎత్తుకుని నిలబడ్డాడు ఏసుబాబు. పక్కన అతని పొరుగు రైతు యలమందయ్య ఉన్నాడు.

"ఒరేయ్, అది నా పంపురా. బస్సులో కండక్టరు తిట్టాడు, ఇక్కడ ఈయన తిడుతున్నాడు. నా పంపు నాకిస్తారా లేదా?"

"ఉండు బాబాయ్!"

హెలెన్ గేటు పట్టుకుని నిలబడింది. మనిషి ఉన్నాడు. గడ్డం పెరిగింది గానీ ఉన్నాడు.

"మీరు... ఫోన్ ఎత్తచ్చు కదా!" అని అరిచింది.

"ఎత్తితే ఏం చెప్పనండీ? ముందు సంగతి తేలాలి కదా."

గొడవ విని మొహిద్దీన్ బాషా బయటికొచ్చాడు. ఏసుబాబు అంతా చెప్పాడు. జనవరిలో తన పంపు కారిపోతుంటే యలమందయ్య దగ్గర అడిగి తెచ్చాడు. దాంతో యలమందయ్య అంతకు ముందురోజే పత్తికి మందు కొట్టుకున్నాడు. ఇచ్చినవాడి కళ్లెదుట పంపు కడిగితే అతన్ని చిన్నబుచ్చినట్టని ఆ ఊళ్లో ఎవరూ అక్కడ కడగరు, కాలవకి తెచ్చుకుని కడుక్కుంటారు.

"కాలవలో మేడమ్ వద్దన్నారు. ఊళ్లో ఉన్నదేమో తాగేనీళ్ల పంపు, అక్కడ కడిగితే మా అమ్మే నన్ను కడిగేస్తుంది. పోసేది కషాయమే కదా అని అలాగే కొట్టేశా."

 గట్టు మీదనుంచి తను వేసిన కేక హెలెన్ చెవుల్లో మోగింది. "ఎక్కడ కడగాలో నేను చెప్పలేదు సార్" అంది. "వద్దని మాత్రమే చెప్పాను."

"నువ్వే కాదమ్మా. మన కాగితాల్లోనే లేదు." బాషా తలెత్తి బోర్డు వైపు చాలాసేపు చూశాడు. పంపు కడిగిన నీళ్లు లోపల పరీక్షకి పంపించాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. కాయలో ఉన్నదీ పంపులో ఉన్నదీ ఒకటే మందు.

"అయినా నీ కాయ కొనలేను బాబూ" అన్నాడు బాషా. ఆ మాట అనడానికి ఆయనకి కష్టంగానే ఉంది.

"కొనొద్దండీ. కొంటే ఆ బోర్డు తీసేయాల్సొస్తుంది. ఈ ఏడు బయట ఎంతొస్తే అంతకి అమ్ముకుంటా. ఆవిణ్ణి మాత్రం మార్చకండి. ఆవిడ మాట వినే నేను కాలవలో దిగలేదు."

"మారిస్తే ఊరూరా పంపులు కడిగే గుంటలు ఎవరు తవ్విస్తారయ్యా? వచ్చే పంటకల్లా అయిపోవాలి. పైవాళ్లతో నేను మాట్లాడతా." హెలెన్ వైపు తిరిగాడు. "మొదటి గుంట నీ ఊళ్లోనే."

"నా పంపు?" అన్నాడు యలమందయ్య.

"నీ పంపుకి ఇక్కడే స్నానం చేయిస్తాం పెద్దాయనా, రా!" అని లోపలికి తీసుకెళ్లాడు బాషా.

బస్టాపులో ఇద్దరే మిగిలారు.  ఇంతలో ఏసుబాబు ఫోన్ మోగింది. రెబ్కమ్మ గొంతుకి స్పీకరు అక్కర్లేదు.

"ఒరేయ్, బతికే ఉన్నావా? ఆ డబ్బాల పిల్ల అక్కడుందా?"

"ఉందమ్మా."

"ఏడుస్తోందా?"

"కొంచెం."

"నా పదకొండు డబ్బాలకీ పదకొండు మట్టి కుండీలు తెమ్మను. తెచ్చి పెట్టేసి పోతానంటే కుదరదు. మొక్కలకి రోజూ నీళ్లెవరు పోస్తారు? వాళ్ల నాన్నని ఆదివారం ప్రార్థన అయ్యాక మనింట్లో భోజనానికి రమ్మన్నానని చెప్పు. టీ నేనే పట్టుకుని తాగిస్తానని చెప్పు!"

ఏసుబాబు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చెవులు మిరపపండులా ఎర్రబడ్డాయి.

"నేను అడగాల్సింది మా అమ్మ అడిగేసింది. ఇంక ఒకటే మిగిలిందండీ."

"ఏమిటి?"

"మొన్న అడిగిందే. నన్ను నమ్ముతారా?"

"నమ్ముతాను" అంది హెలెన్. అతని మాట పూర్తి కాకముందే అనేసింది.

అతని చెంప సొట్టపడింది. ఈసారి ఆమె కళ్లు తిప్పుకోలేదు.

పర్చూరు బస్సు వచ్చింది. అతను మెట్టెక్కి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు. స్టాపులో ఎవరూ లేరు. హెలెన్ అతని వెనకే మెట్టు మీద ఉంది.

"జరగండి" అంది. "దారిలో కుండీలు ఎక్కడ దొరుకుతాయో చూడాలి."