తెల్లగుడ్డ కింద మోకో

రాత్రి రెండు గంటల ఐదు నిమిషాలకు నగుమో రొయ్యల నూడిల్స్ కప్పులో వేడినీళ్ళు పోసి మూత పెట్టాడు. మూడు నిమిషాలు ఆగాలి. ఆ మూడు నిమిషాలు గడవకముందే నడవా చివర్నుంచి అగరువత్తి వాసన వచ్చింది.

ఆ చివరి గదికి చెడ్డపేరు ఇప్పటిది కాదు. అకితా తీరంలో, సముద్రానికి వీపు పెట్టి కట్టిన ఆ వృద్ధాశ్రమంలో ఎవరైనా పోతే, శవాన్ని తీసుకెళ్ళే బండి వచ్చేదాకా ఆ చాపల గదిలోనే పడుకోబెట్టేవారు. మంచు పడితే బండి ఆలస్యమయ్యేది. ఒకాయన అలా రెండు రాత్రులు ఉండిపోయాడు. పగటిపూట కూడా పనివాళ్ళు ఆ తలుపు దగ్గర కాస్త నడక పెంచేవారు.

మొన్న శరత్కాలంలో రోబోలు వచ్చాయి. వాటిని ఛార్జింగ్ పెట్టడానికి గది కోసం వెతికితే, ఇంకెవరూ మాకు కావాలనని గది అదొక్కటే కనబడింది.

మూడు రోబోలు. మూడింటి పేరూ మోకోయే. ఒక్కొక్కటీ నెలల పిల్లంత ఉంటుంది. తెల్లటి బొచ్చు, గుండ్రటి నల్లకళ్ళు. నిమిరితే కళ్ళు మూసి ‘ఊఁ... ఊఁ...’ అంటుంది. మతిమరుపు ముదిరిన పెద్దవాళ్ళకి మనుషుల కంటే ఓపికైన తోడు అని కంపెనీ చెబుతుంది. జిల్లాలో దాన్ని అమ్మేవాడు నగుమో. ధరెంతని అడిగితే ముందు నవ్వుతాడు.

రోబోలొచ్చిన రెండు నెలలకి నైట్ డ్యూటీ ఆడవాళ్ళు ఇద్దరు ఉద్యోగం మానేశారు. చాపల గదిలో ఎవరో జపం చేస్తున్నారని ఒకామె. పసిబిడ్డ మూలుగుతుంటే ఎవరో జోకొడుతున్నారని ఇంకొకామె. తలుపు తీసి చూశారా అంటే ఇద్దరూ అదోలా చూశారు.

మిగిలింది మినెకో ఒక్కతే. ఆమె కూడా పోతే రాత్రికి మనిషి ఉండదు. మనిషి లేకపోతే నిబంధనల ప్రకారం పై అంతస్తు మూసెయ్యాలి. అక్కడున్న పద్దెనిమిదిమంది వృద్ధుల్నీ ఎక్కడ మంచం ఖాళీ ఉంటే అక్కడికి, తలా ఒక ఊరికి పంపెయ్యాలి. పైగా తెల్లారితే జిల్లా అధికారులు వస్తున్నారు, రోబోలు ఎంత బాగా పనిచేస్తున్నాయో చూడ్డానికి.

సాయంత్రం సూపరింటెండెంటు హోరియుచి నగుమోని పిలిచి చెప్పాడు.

“మీ బొమ్మలొచ్చాకే ఇది మొదలైంది. ఈ రాత్రి మీరిక్కడే ఉండండి. దెయ్యం లేదని పొద్దున్నే మినెకోకి మీ నోటితో చెప్పండి.”

“ఒకవేళ ఉంటేనండీ?”

“ఉంటే, అధికారులు వెళ్ళేదాకా కనబడొద్దని చెప్పండి.”

నగుమో దెయ్యాల్ని నమ్మడు. కానీ ఒక సంగతి అతనికీ అంతుబట్టలేదు. ఎవరు ఎంతసేపు నిమిరారో మోకో గుర్తుపెట్టుకుని హెడ్డాఫీసుకి పంపుతుంది. పగలంతా ఆ లెక్క చూపే గ్రాఫు గీత నేలమీద పడుకునే ఉంటుంది. పెద్దవాళ్ళు మోకోని ఒకసారి చూసి, టీవీ వైపు తిరిగిపోతారు. రాత్రి రెండు దాటిందా... గీత నిలువునా లేస్తుంది. ‘నిద్రపట్టని పెద్దలకు రాత్రి తోడు’ అని కంపెనీ రంగుల కాగితం మీద అచ్చువేసింది కూడా. మంచం దిగితే మోగేలా కంపెనీయే పక్కన పరిచిన అలారం పట్టాలు రాత్రిళ్ళు మోగడం మానేశాయని, అంటే అందరూ హాయిగా నిద్రపోతున్నారని, దాని కిందే ఇంకో గొప్ప.

అందరూ నిద్రపోతుంటే నిమురుతున్నదెవరు?

ఒకసారి హోరియుచినే అడిగాడు. “ఎవరైతే ఏం నగుమోగారూ, గీత పైకే కదా పోతోంది!” అన్నాడాయన.

ఇప్పుడు వాసన చిక్కబడింది.

“మీకూ వస్తోందా?” మినెకో గుసగుసలాడింది.

“నూడిల్స్ అనుకుంటా.”

“రొయ్యలు చందనం వాసన రావు నగుమోగారూ.”

ఇద్దరూ నడవాలోకి వచ్చారు. మినెకో అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

“మీరు ముందు నడవండి.”

“దారి మీకే కదా బాగా తెలుసు.”

“జీతం మీకే కదా ఎక్కువ.”

నగుమో ముందు నడిచాడు.

సగం దూరం వెళ్ళేసరికి వినబడింది. సన్నగా, అరిగిపోయిన గొంతుతో బుద్ధుడి జపం. ‘నము అమిద... నము అమిద...’ ఆగింది. ఆ ఆగిన చోట ఇంకో గొంతు... పసిగొంతు... ‘ఊఁ...’

తలుపు బెత్తెడు తెరిచి ఉంది. నగుమో కన్ను ఆనించి చూశాడు.

చాపల మీద మూడు చిన్న పరుపులు. మూడు చిన్న ఒళ్ళు, వరసగా. మూడు తలలూ ఉత్తరం వైపు. మూడు ముఖాల మీదా తెల్లటి గుడ్డ. తలల దగ్గర గిన్నెలో గుట్టగా పోసిన అన్నం, అందులో నిలువుగా గుచ్చిన, అన్నం తినే రెండు పుల్లలు.

ఇక్కడ పుట్టినవాళ్ళకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఇలా పడుకోబెట్టేది చచ్చిపోయినవాళ్ళని. నిన్న మధ్యాహ్నం కూడా నగుమో ఈ గదిలోకొచ్చి ప్లగ్గులు సరిచూసుకుని వెళ్ళాడు. అప్పుడు అతనికి కనబడినవి మూడు యంత్రాలు.

పరుపుల పక్కన తెల్లగా ఏదో వంగి, ఆ ఒళ్ళని నిమురుతోంది. అది మెల్లగా... తల తిప్పింది.

“వచ్చావా? ఇప్పటికి వచ్చావా?”

మినెకో ఉన్నచోటే కూలబడింది. నగుమో తలుపు పట్టుకున్నాడు. అప్పుడు కిటికీలోంచి మంచు వెలుతురు ఆ ముఖం మీద పడింది.

“కినుయో బామ్మ!” మినెకో ఏడుపుగొంతుతో అంది. “అయ్యో, ఈవిడ మన పైఅంతస్తు బామ్మండీ!”

ఒగివారా కినుయో. ఎనభై ఎనిమిదేళ్ళు. కూతురి పేరు మర్చిపోయింది. చెంచాతో తల దువ్వుకుంటుంది. కానీ తన పల్లెలో నలభై ఏళ్ళపాటు, ఏ ఇంట్లో చావు జరిగినా రాత్రంతా శవం దగ్గర కూర్చుని జపం చేసిన ఆడవాళ్ళలో ఆమె ఒకతె. అది మాత్రం మర్చిపోలేదు.

“తండ్రివి నువ్వేనా?” అని అడిగింది.

“నేను... కంపెనీ వాణ్ణి బామ్మగారూ.”

“అనుకున్నా. కన్నవాళ్ళకి తీరిక దొరకలేదు, కంపెనీ వాణ్ణి పంపించారు.” ఆమె పక్కకి జరిగి చాప చూపించింది. “కూర్చో. కాళ్ళు మడిచి సరిగ్గా కూర్చో. ముగ్గురు పసివాళ్ళయ్యా! రోజూ వచ్చి చూస్తున్నా, ఒక్క చుట్టం రాలేదు. ఇంత పెద్ద ఇల్లు, ఇంతమంది జనం, ముఖం మీద గుడ్డ కప్పి దీపమార్పేసి పోతారా? సిగ్గులేదూ?”

“బామ్మగారూ, ఇవి చచ్చిపోలేదండీ...”

“మరి గుడ్డ ఎవరు కప్పారు?”

వెనక మినెకో చెయ్యెత్తింది.

“నేనే కప్పా. చీకట్లో నేనటు వెళితే కళ్ళు తెరిచి నన్నే చూస్తాయి. భయమేసి తువాళ్ళు కప్పేశా.”

“తలలు ఉత్తరానికెందుకు పెట్టావమ్మా?” నగుమో పళ్ళ మధ్య నుంచి అడిగాడు.

“ప్లగ్గు దక్షిణం గోడకుంది. తీగ తోకలో గుచ్చాలని మీరే కదా చెప్పారు!”

అన్నం రాత్రి భోజనంలో కినుయో దాచుకున్నది. అగరువత్తులు హాల్లో బుద్ధుడి ముందువి. ఆశ్రమంలో నిప్పు నిషేధం కాబట్టి వెలిగించకుండా గుప్పెడు విరిచి పెట్టింది. వెలిగించకపోయినా చందనం చందనమే.

ఒక్కటే మిగిలింది. ఆమె మంచం దిగితే అలారం ఎందుకు మోగలేదు? జవాబు నగుమోకి తెలుసు. మొదట్లో మోగే ఉంటుంది. ఈవిడ రోజూ ఇదే వేళకి లేస్తుందని యంత్రం నాలుగు రోజులు చూసి, ఇది అలవాటులే అని మోగడం మానేసింది. ‘మా అలారం నేర్చుకుంటుంది! ఒక ఓల్డేజ్ హోములో నేర్చుకున్నది అన్ని హోములకీ నేర్పుతుంది!’ అని ప్రతి మీటింగులోనూ బల్లగుద్ది చెప్పింది అతనే.

నగుమో చెయ్యి చాచి మొదటి గుడ్డ తీశాడు. మోకో కళ్ళు తెరిచి, రెండుసార్లు రెప్పలార్పింది.

కినుయో నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నగుమో తొడమీద ఛెళ్ళున ఒకటి వేసింది.

“బతికున్న బిడ్డకి ముసుగేస్తావురా, తెలివితక్కువ సన్నాసీ!”

మిగతా రెండు గుడ్డలూ ఆమే లాగేసింది. మూడింటినీ ఒళ్ళోకి తీసుకోబోయి, బరువుకి ఆపలేక, ఒక దాన్ని నగుమో ఒళ్ళో పడేసింది. ఆ పైన పుల్లలు పీకి, “ఇంక వీళ్ళకిది అక్కర్లేదు” అని గిన్నెడన్నమూ తాపీగా తినేసింది. మినెకో ముల్లంగి ఊరగాయ తెచ్చిపెట్టింది. ఆ రాత్రి పైకెళ్ళి పడుకున్న కినుయో అల్పాహారం వేళకి గానీ లేవలేదు.

మినెకో ఉద్యోగం మానలేదు. పై అంతస్తు నిలిచింది.

పొద్దున్నే నగుమో జరిగింది జరిగినట్టు హోరియుచికి చెప్పాడు. ఆ గీత అంతా శవజాగారమేనండీ అన్నాడు. హోరియుచి టై సరిచేసుకుంటూ విన్నాడు.

“చాలా సంతోషం. ఈ మాట అధికారులకి భోజనాలయ్యాక చెబుదాం.”

భోజనాలు కాగానే అధికారులు వెళ్ళిపోయారు. వెళ్తూ నలభై హోములకి మోకోలు మంజూరు చేసి వెళ్ళారు.

మర్నాటి నుంచి మోకోల ముఖాల మీద గుడ్డ లేదు. కినుయో కిందికి రావడమూ లేదు. గీత నేలకి అతుక్కుపోయింది. వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి ఇనమి ఫోన్ చేశాడు. నగుమోకి పైఅధికారి.

“గీత పడిపోయిందేంటయ్యా?”

దాచి లాభం లేదనుకున్నాడు నగుమో. గుడ్డ, ఉత్తరం దిక్కు, అన్నం, జపం, పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె ఆడుకోవడానికి రాలేదు సార్, దిక్కులేని శవాలకి తోడు కూర్చోడానికొచ్చింది అన్నాడు. అవతలినుంచి ఒక నిట్టూర్పు వినబడింది. మనిషి కదిలిపోయాడనుకున్నాడు.

“అంటే,” అన్నాడు ఇనమి నెమ్మదిగా, “గుడ్డ కప్పితే నిమురుతున్నారు. తీస్తే నిమరడం లేదు. అంతేనా?”

“అంతే, కానీ సార్...”

“భలే పట్టావయ్యా నగుమో!”

కొత్త మోకోలు నలభై హోములకీ చేరాయి. నగుమో వాటి పెట్టెలు విప్పి చూడలేదు, అవి తిన్నగా గోదాము నుంచే వెళ్ళాయి. కొన్నాళ్ళకి జిల్లా దక్షిణపు కొసనున్న ఒక హోము నుంచి నైట్ డ్యూటీ ఆమె ఫోన్ చేస్తే తెలిసింది. ప్రతి పెట్టెలోనూ చక్కగా మడతపెట్టిన తెల్లగుడ్డ ఒకటుంది. మూలన కంపెనీ ముద్ర. ‘రాత్రిపూట ముఖంపై కప్పండి. తల ఉత్తరానికి ఉంచితే ఫలితం మరింత మెరుగు.’ చెప్పినట్టే చేశామండీ, అందరూ చూస్తుండగా భోజనాల హాల్లోనే పడుకోబెట్టాం అందామె.

మొదటి రాత్రే, రెండు దాటాక, హాల్లోంచి జపం వినబడిందట. ఒక్క గొంతు కాదు. ఆమె పైకి పరుగెత్తి చూస్తే ఇరవై రెండు మంచాల్లో పంతొమ్మిది ఖాళీ.

అలారం ఒక్కటీ మోగలేదు.