రెండుసార్లు చనిపోయినవారు

ఉదయం పదింటికి డిటెక్టివ్ ఆఫీసు తలుపు తోసుకొని వచ్చిన స్త్రీ కుర్చీలో కూలబడింది. ముఖమంతా ఉబ్బి ఉంది. వీధి చివర కుట్టుమిషన్ మీద బతికే ఆమెను అందరూ టైలరక్క అంటారు.

"పోయిన నెల నాలుగో తారీఖున నేను చనిపోయానట, సార్," అంది.

ఆ డిటెక్టివ్‌కు జనం పెట్టిన పేరు భూతద్దం. ఆయన దగ్గర అలాంటి వస్తువేదీ లేదు. సహాయకురాలు, ఒకప్పటి టైపిస్టు, రాసుకుంటున్న చేతిని ఆపేసింది.

టైలరక్క కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకోవాలి. ఈ నెలలో మూడుసార్లు ఆసుపత్రిలో కార్డు చూపించినా, చనిపోయినవాళ్లకు సర్కారు అప్పు మీద చేసే వైద్యం కుదరదని కౌంటరు నుంచే తిప్పి పంపేశారు.

భూతద్దం ముందు ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లి, డాక్టరుతో గట్టిగా వాదించి, ఆ డాక్టరు పూచీ మీద డయాలసిస్ మిషన్‌కు ఎక్కించాడు. తర్వాత సహాయకురాలితో కలిసి మరణాల నమోదు ఆఫీసుకు వెళ్లాడు.

దారిలో ఆమె తన అనుమానం చెప్పింది. కొత్త చట్టం ప్రకారం రోగి చనిపోతే ఆసుపత్రి బాకీ రద్దవుతుంది. ఆ బాకీకి హామీ ఉన్నది టైలరక్క భర్త, ఒక వడ్రంగి. లాభం ఇంకెవరికి?

గుమాస్తా మరణపత్రం తీసి చూపించాడు. ఇంట్లోనే మృతి, వయసు యాభై రెండు, కింద డాక్టరు సంతకం. జతచేసిన కార్డు నకలులో వయసు నలభై ఎనిమిది. జనానికి కాగితాలు నింపడం చేతకాదనీ, ఒకే మనిషికి రెండోసారి పత్రం తెచ్చినవాళ్లు కూడా ఉన్నారనీ, అలాంటివి మూడు తిప్పి పంపాననీ గుమాస్తా విసుక్కున్నాడు. భూతద్దం ఆ పేర్లు రాయించుకున్నాడు. డయాలసిస్ వార్డు డాక్టరు సంతకంతో వచ్చిన పత్రాలన్నీ బయటికి తీయించాడు.

ఆసుపత్రికి తిరిగొచ్చాక, అక్కడున్న వడ్రంగిని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, భార్య వయసెంతని. నలభై ఎనిమిది, తనకంటే మూడేళ్లు చిన్నది అన్నాడతను. తర్వాత వార్డులో రోగుల పుస్తకం తెరిపించి, ఒక పేజీ చూసి మూసేశాడు.

మధ్యాహ్నం అందరూ టైలరక్క మంచం చుట్టూ చేరారు: డాక్టరు, వడ్రంగి, రోగులంతా అమ్మా అని పిలిచే హెడ్ నర్సు.

"నీ అసలు వయసెంతమ్మా?" అడిగాడు భూతద్దం.

టైలరక్క భర్త వైపు చూడలేక తల తిప్పుకుంది. "యాభై రెండు. పెళ్లప్పుడు నాలుగేళ్లు తగ్గించి చెప్పారు. మందు మోతాదు కోసమని నర్సమ్మకు ఒక్కదానికే నిజం చెప్పాను."

భూతద్దం నర్సు వైపు తిరిగి లెక్క విప్పాడు. వడ్రంగికి తెలియని వయసును ఆయన కాగితం మీద రాయలేడు. అది మరణపత్రంలోనూ, నర్సు రాసే పుస్తకంలోనూ మాత్రమే ఉంది. నర్సు పెట్టే కాగితాలను డాక్టరు చూడకుండా సంతకం చేస్తాడు. ఇంట్లో మృతి అని వెళ్లిన పత్రాలు పదకొండు, అన్నీ ఒకే చేతిరాత.

నర్సు కాదనలేదు.

"అప్పు కట్టడానికి ఇంట్లో గిన్నెలు కూడా అమ్ముకుంటున్నారు సార్. కాగితం మీద చస్తే మనిషి బతుకుతాడనుకున్నాను. ఆ ఆఫీసు వేరు, ఆసుపత్రి వేరు. ఇక్కడ వైద్యం ఆగదు కదా."

"ఒకటో తారీఖున రెండు చోట్ల కంప్యూటర్లనూ కలిపేశారు," అన్నాడు భూతద్దం. "అప్పటినుంచి వీళ్లను కౌంటరు దాటనివ్వడం లేదు."

మొన్నటిదాకా వచ్చినవాళ్లు ఎందుకు రావడం లేదో డాక్టరు అడగనే లేదు. వేరే ఆసుపత్రికి వెళ్లుంటారనుకుంది నర్సు.

"ముగ్గురి ఇళ్లవాళ్లు రెండోసారి పత్రం తీసుకెళ్లారమ్మా. రెండోసారి చావు నిజం."

ఆయన పేర్లు చదివాడు. ఒక్కో పేరుకూ నర్సు పెదవులు ఒక్కో మంచం నంబరు పలికాయి. మూడోదానికి ఆమె గోడకు జారగిలబడి నేల మీద కూర్చుండిపోయింది.

పోలీసులకు కబురు వెళ్లింది. వాళ్లు వచ్చేలోగా నర్సు తనంతట తానే లేచి, వార్డు ఫోను ముందు కూర్చొని, మిగిలిన ఏడుగురికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. పేరు చెప్పి, వెంటనే రమ్మంది.

ఆరుగురు పలికారు. ఏడో ఫోను మోగుతూనే ఉంది.