హార్విక్ దొర ముందున్నవాళ్ళు

అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్ ఊరికి ఉత్తరం కొసన ఒక పాత రాతి ఇల్లు ఉంది. కింద మూడు గదుల్లో చిన్న మ్యూజియం, మేడ మీద పాత కాగితాలు చదువుకునే గది. ఆ గదిలో రూళ్ళు గట్టివి. సంచులు బయట లాకర్లో పెట్టాలి. పెన్ను తేకూడదు, పెన్సిలే. రబ్బరు కూడా తేకూడదు, పాత కాగితం చెరుగుతుందని. పుస్తకాన్ని బల్ల మీద బార్లా తెరవకూడదు, రెండు స్పాంజి దిమ్మల మధ్య ఒళ్ళో పిల్లని కూచోబెట్టినట్టు పెట్టాలి.

రాఘవులు పదకొండేళ్ళుగా ప్రతి గురువారం ఆ గదికి వస్తున్నాడు. ఒక్కసారి కూడా ఏ రూలూ తప్పలేదు.

డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. వచ్చిన కొత్తలో డెట్రాయిట్ హోటళ్ళలో అంట్లు తోమాడు, ఫౌండ్రీలో రాత్రి షిఫ్టులు చేశాడు, తర్వాత కార్ల కంపెనీలో ముప్పై ఏళ్ళు బ్రేకులు డిజైన్ చేశాడు. రిటైరయ్యాక అందరూ గోల్ఫ్ నేర్చుకుంటుంటే ఈయన ఒక చచ్చిపోయిన దొరని పట్టుకున్నాడు.

దొర పేరు కెప్టెన్ జోనస్ హార్విక్. పన్నెండో ఏట ఇంగ్లండులో ఓడ ఎక్కాడు. తాడు లాగాడు, తుపాకి మందు మోశాడు, లెఫ్టినెంట్ అయ్యాడు. ఫ్రెంచి ఓడనొకదాన్ని తను పట్టుకుంటే పేరు ఇంకొకడికి పోయింది, ఆ ఇంకొకడి మేనమామ లండన్‌లో పెద్దవాడు. హార్విక్‌ని మాత్రం ఇక్కడికి, ఈ గడ్డకట్టే సరస్సుల మీదికి, నాలుగు చిన్న పడవలకి అధికారిగా తోలారు. చివరికి వెస్టిండీస్‌లో ఒక జ్వరాల దీవికి గవర్నరుని చేశారు. మూడో ఏడు అక్కడే పోయాడు. ఆయన వంశంలోని ఒక ముసలావిడ పెట్టెడు కాగితాలు ఈ మ్యూజియంకి ఇచ్చింది.

ఆ గొలుసుకట్టు రాతలన్నీ విప్పి చదివి, టైపు చేసినవాడు రాఘవులు. ఇప్పుడది పుస్తకంగా వస్తోంది. అట్ట మీద ఎడిటర్‌గా తన పేరు ఉంటుంది. ముందుమాట తను రాస్తాడు. ఆయనకి ఇంకే కోరికా మిగల్లేదు.

ముందుమాటలో పెడదామని ఒక సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. పెట్టెలో అడుగున ఒక సన్నటి నోటుపుస్తకం ఉంది. ఆ కాలం నౌకాదళంలో కెప్టెన్లందరికీ ఒక వరస. ఏ తేదీన కెప్టెన్ అయితే ఆ తేదీ ప్రకారం నిలబడాలి. ఎంత మొనగాడైనా ముందువాణ్ణి దాటి అడ్మిరల్ కాలేడు. ముందువాడు చస్తేనే ఒక మెట్టు. హార్విక్ తన ముందున్న నలభై ముగ్గురి పేర్లు వరసగా రాసుకున్నాడు. ఒక్కొక్కడు పోయినప్పుడల్లా పేరు మీద మట్టిరంగు సిరాతో ఒకే గీత, పక్కన ఆ గీత గీసిన తేదీ.

రాఘవులు ఆ తేదీల్ని వేరే రికార్డులతో సరిచూశాడు. మద్రాసు రేవులో పోయినవాడి పేరు, పోయిన రోజునే కొట్టేసి ఉంది. మద్రాసు నుంచి ఆ దీవికి కబురు రావాలంటే ఎనిమిది నెలలు. ఇంకొకడు నడిసముద్రంలో పోయాడు, ఆ ఓడ రేవుకే చేరలేదు. అతని పేరు కూడా అదే రోజున. నలభై రెండు పేర్లూ అంతే. నలభై మూడోవాడు మాత్రం హార్విక్ పోయిన నాలుగు రోజులకి పోయాడు. ఆ ఒక్క పేరు మీదా గీత పడలేదు.

ఫిబ్రవరిలో ఆ గురువారం పొద్దుటి నుంచీ మంచు. మూడింటికి మ్యూజియం నడిపే మార్జరీ పైకి వచ్చింది. ఆవిడ వెనకాలే రాఘవులు పాత స్నేహితుడు మోహన్, చేతిలో కాఫీ కప్పుతో. గది గుమ్మం దగ్గరే ఆగి కప్పు బయట పెట్టాడు.

"రాగ్, మంచి వార్త" అంది మార్జరీ. పదకొండేళ్ళుగా ఆవిడ ఈయన్ని రాగ్ అనే పిలుస్తుంది. మోహన్‌ని మాత్రం శుభ్రంగా మోహన్ అంటుంది. "బోర్డు ఓటేసింది. ముందుమాట మోహన్ రాస్తాడు. ఎడిటర్ పేరు కూడా అతనిదే. క్రిస్మస్ డిన్నర్‌లో మోహన్ కెప్టెన్ కథ చెప్తుంటే అందరూ ఫోర్కులు కింద పెట్టేశారు. పుస్తకాన్ని జనంలోకి తీసికెళ్ళడానికి అలాంటి మనిషి కావాలి. నీ పేరు థాంక్స్ పేజీలో మొట్టమొదట ఉంటుంది."

రాఘవులు "సరే" అన్నాడు. ఆవిడ కిందికి వెళ్ళిపోయింది.

మోహన్ కుర్చీ లాక్కుని కూచున్నాడు. అరవై ఎనిమిదేళ్ళు, వరంగల్ మనిషి, నవ్వు ముఖం. "ఏందన్నా, గట్ల చూస్తున్నవ్? నేనడగలే. వాళ్ళే పిలిచి ఇచ్చిండ్రు."

"ఆ రోజు డిన్నర్లో నువ్వు చెప్పిన కథ ఎవరు చెప్పార్రా నీకు?"

"నువ్వే. కార్‌లో. నువ్వు చెప్తే రిపోర్టు లెక్క ఉంటది, నేను జర ఉప్పు కారం ఏసిన." నవ్వాడు. "నువ్వు వొద్దంటే ఇప్పుడే పోయి కాన్సిల్ చేయిస్తనన్నా. ఒక్క మాట చెప్పు."

చెప్పొచ్చు. వద్దు అని ఒక్క మాట. కానీ అడుక్కుని తెచ్చుకున్న పేరు ఏం పేరు? "పో, మంచు ముదరకముందే ఇంటికి పో" అన్నాడు రాఘవులు.

"ఇంటికి చేరినంక కాల్ చేస్త" అని మోహన్ మెట్లు దిగాడు.

రాఘవులు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఎనభై తొమ్మిదిలో ఈ మోహన్ ఒక్క సూట్‌కేసుతో దిగితే ఎయిర్‌పోర్టుకి వెళ్ళి తెచ్చింది తను. నాలుగు నెలలు బేస్‌మెంట్‌లో పెట్టుకున్నాడు. డ్రైవింగ్ నేర్పించాడు. తన గ్రూపులోనే ఉద్యోగం వేయించాడు. తొమ్మిదేళ్ళకి వాడు తన మేనేజరయ్యాడు. ఆ రోజు కూడా ఇదే నవ్వు. "నువ్వే నాకు గురువన్నా" అన్నాడు అందరి ముందూ. అందరూ చప్పట్లు కొట్టారు, మోహన్‌కి.

కష్టం చేసినవాడి కడుపులో ఒక మంట ఉంటుంది. చేసిన కష్టమంతా ఏమైందని అడుగుతూనే ఉంటుంది. దానికి వయసు రాదు, రిటైర్‌మెంట్ లేదు.

బల్ల దగ్గరికి వచ్చి కూచున్నాడు. నోటుపుస్తకం తెరిచే ఉంది. నలభై మూడో పేరు కింద జానెడు ఖాళీ జాగా.

పెన్సిల్ చేతిలోనే ఉంది. ఎప్పుడు కాగితం మీద ఆనించాడో తెలీదు. రెండు వందల నలభై ఏళ్ళ కాగితం మీద, తెలుగులో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

మోహన్.

రాసి తనే నిర్ఘాంతపోయాడు. పదకొండేళ్ళలో చేయని పాపం. చెరుపుదామంటే రబ్బరు లేదు. వేలితో రుద్దబోయి ఆగాడు, కాగితం నలుగుతుంది.

అప్పుడు వచ్చింది వాసన. మొదట తారు. తర్వాత నానిన తాడు. దాని వెనకాల, జ్వరంతో చాన్నాళ్ళుగా పడి ఉన్న మనిషి పక్కబట్టల పుల్లటి వాసన. హీటర్ టకటకమని కొట్టుకోవడం ఆపేసింది. గది నిశ్శబ్దంగా ఉంది. కాదు… నేల చెక్కలు మూలుగుతున్నాయి. ఒక పక్కకి ఒకసారి, ఇంకో పక్కకి ఒకసారి. ఇల్లు నీళ్ళ మీద ఉన్నట్టు.

కుడి చెవి పక్కన ఎవరో ఊపిరి పీల్చారు.

"నీ ముందున్నాడా?"

ఏ భాషో చెప్పలేడు. అర్థం మాత్రం అయింది. తన మనసే అడిగిందనుకున్నాడు. తన మనసుకి చెప్పుకున్నట్టే, చిన్నగా, పైకే అన్నాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళుగా."

కాగితం మీద, పేరుకి ఎడమ పక్కన, ఒక చుక్క పుట్టింది.

మట్టిరంగు చుక్క. తడిగా ఉంది. మెరుస్తోంది. అది కదిలింది… కుడి వైపుకి. చూస్తే కదలనట్టే ఉంది, రెప్ప వేసి చూస్తే కదిలి ఉంది. 'మో' మొదటి వంపుని తాకింది.

రాఘవులు ఫోన్ తీశాడు. మోహన్ నంబరు నొక్కాడు. స్పీకర్లో కార్ వైపర్ల చప్పుడు.

"చెప్పన్నా."

"ఎక్కడున్నావు?"

"బిగ్ బీవర్ రోడ్డు మీద. ఏందో అన్నా… ఎడమ చెయ్యి తిమ్మిరి పట్టింది. స్టీరింగ్ పట్టుకున్నట్టే తెలుస్తలేదు."

గీత 'మో' సగానికి వచ్చింది.

"కార్ పక్కకి తియ్. ఎక్కడుంటే అక్కడే ఆపు."

"తీసిన… పార్కింగ్ లాట్ల… ఆపిన…" మాట ముద్దగా అయింది. "అన్నా, ఎవరో… వెనక సీట్ల…"

"మోహన్."

వైపర్ల చప్పుడు. వైపర్ల చప్పుడు.

"లేడు" అన్నాడు రాఘవులు గాలితో. "నా ముందు లేడు. తప్పు చెప్పాను. నా తర్వాత వచ్చినవాడు వాడు, నేనే తీసుకొచ్చాను…"

గీత ఆగలేదు. అది అబద్ధమని దానికి తెలుసు. ఇప్పుడు కూడా, ఈ క్షణంలో కూడా, నేనే తెచ్చాను అని లెక్క చెప్తున్నాడు. తన గొంతులో ఆ మంట తనకే వినపడింది.

'మో' దాటింది. 'హ' తలకట్టు దగ్గరికి వస్తోంది.

ఇంక ఏం తోచలేదు. చూపుడు వేలు తీసి గీతకి అడ్డంగా కాగితం మీద పెట్టి నొక్కాడు. చల్లగా వచ్చి తగిలింది. ఫౌండ్రీలో వేళ్ళు కాలినప్పుడు కూడా అలా లేదు. ఎముక దాకా… అవతలి నుంచి ఎవరో నెడుతున్నారు. ఓపికగా నెడుతున్నారు. ఎన్నేళ్ళైనా నెట్టగలిగినవాడిలా.

"మార్జరీ, అంబులెన్స్! 911కి ఫోన్ చెయ్" అని అరిచాడు. "బిగ్ బీవర్ రోడ్, మోహన్ కార్."

ఆవిడ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది. వచ్చి, ముందు ఆయన వేలు వైపే చూసింది. "రాగ్, కాగితం" అంది. తర్వాత ఆయన ముఖం చూసి, ఫోన్ తీసింది.

అంబులెన్స్ మోతలు స్పీకర్లో వినపడేదాకా రాఘవులు వేలు తియ్యలేదు. తీసి చూస్తే కాగితం మీద ఏమీ లేదు. గీత లేదు. మోహన్ అన్న పేరు కూడా లేదు. పెన్సిల్ నొక్కిన గాడి కూడా లేదు. హీటర్ మళ్ళీ టకటకమంటోంది.

సిరా మాత్రం ఆయన వేలి మీద ఉంది, గోరుకి కింద అడ్డంగా, సన్నగా.

ఇంట్లో నిమ్మకాయతో రుద్దాడు. అంట్ల సబ్బుతో తోమాడు. భార్య పద్మజ చూసి, "ఈ వయసులో గోరింటాకు సరదా పుట్టిందా మీకు?" అంది. ఆయన నవ్వకపోయేసరికి దగ్గరికొచ్చి వేలు పట్టుకుంది. "మంచులా ఉందేంటండీ?" అని వెంటనే వదిలేసింది.

స్ట్రోక్ అన్నారు డాక్టర్లు. మనిషి బతికాడు. ఎడమ పక్క పడిపోయింది, మాట తిరిగి వస్తోంది. శనివారం మార్జరీ ఫోన్ చేసింది. మోహన్ రాయలేడు కాబట్టి ముందుమాట, ఎడిటర్ పేరు, అన్నీ రాఘవులివేనంది. ఫోన్ పెట్టేశాక ఆయనకి సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, వేసింది. ఒక్క నిమిషం. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని చాలాసేపు ఉన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళాడు. చెప్పేయాలనే వెళ్ళాడు. పేరు రాసిన సంగతి, అడిగితే జవాబు చెప్పిన సంగతి, అన్నీ. ఎండ బాగా కాస్తోంది. గది నిండా వెలుగు. మోహన్ దిండ్లకి ఆనుకుని కూచుని ఉన్నాడు. నవ్వు సగం ముఖంలోనే వచ్చింది.

"రా అన్నా… నువ్వు కాల్ చెయ్యకుంటె… పోతుంటిని."

"మోహన్, నీకొకటి చెప్పాలి."

"నేను ముందు చెప్త. మర్చిపోత… లేకుంటె." మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు, కళ్ళు మాత్రం పాత మోహన్‌వే. "ఒక ముసలాయన వస్తున్నడు… పొద్దుగాల నుంచి. తెల్లాయన. పాత కోటు… తడి తడిగ. వాలంటీర్ అనుకుంట. ఒక్కటే ముచ్చట అడుగుతడు."

రాఘవులు మంచం చువ్వ పట్టుకున్నాడు. "ఏం అడుగుతాడు?"

"నీ ముందు ఎవరున్నరు అని. మంచిగనే… మెల్లగ అడుగుతడు."

"నువ్వేమన్నావు?"

మోహన్ బాగున్న కుడి చేతిని చాపి ఆయన చేతి మీద వేశాడు. ముప్పై ఏడేళ్ళ స్నేహంలో ఎన్నడూ చూడనంత ప్రేమ ఆ సగం ముఖంలో ఉంది.

"ఏమంట? ఉన్నదే చెప్పిన. నేనేడికి పోయినా… మేనేజరైనా, ఏమైనా… నా ముందు ఎప్పటికి మా రాఘవులన్ననే అని చెప్పిన."

రాఘవులు తలుపు వైపు చూశాడు.

"చాన మర్యాదస్తుడన్నా ఆయన" అన్నాడు మోహన్. "నీ పేరు మల్లోసారి అడిగి రాసుకున్నడు. ఇంటి పేరుతోటి."