మొక్కమామను నాటారు

"చంపినా చావని మొక్క ఏదైనా ఉందా అండీ?"

ఆమె అతనితో అన్న మొదటి మాట అది. అతను అప్పుడే లిఫ్టులోంచి ఒక పెద్ద కుండీని కౌగిలించుకుని దిగుతున్నాడు. ఆకుల వెనక మనిషి కనబడడం లేదు. అందుకే జవాబు వచ్చినప్పుడు కుండీయే మాట్లాడిందనుకుని ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఉందండీ. ప్లాస్టిక్‌ది."

"ప్లాస్టిక్‌వి మావాళ్ళు నమిలేస్తారు," అంది ఆమె.

ఆకులు పక్కకి జరిగాయి. మనిషి బయటపడ్డాడు. పడ్డాడంటే పడ్డాడు మరి, ఆ పడడం ఇప్పటికీ లేవని పడడం.

అతను ఆ భవనంలోని ఆఫీసులన్నిటికీ కుండీలు అద్దెకిచ్చే నర్సరీవాడు. ప్రతి బుధవారం వచ్చి వాడిపోయినవి తీసుకుపోయి తాజావి పెడతాడు. ఆమె అదే భవనం కింది అంతస్తులో, పై ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ పిల్లల్ని చూసుకునే డే కేర్‌లో టీచరు. అంటే ఇతనిదీ నర్సరీయే, ఆమెదీ నర్సరీయే. అక్కడ పిల్లల్లాంటి మొక్కలు, ఇక్కడ మొక్కల్లాంటి పిల్లలు. తేడా అల్లా, మొక్కలు కరవవు.

డే కేర్ నడిపేది ఆమె సొంత మేనత్త. తన గడపలో ఎవరూ ఎవర్నీ ఆంటీ అనరాదని ఆవిడ శాసనం. కాబట్టి పిల్లలకి ఆవిడ పెద్దత్త, మేనకోడలు చిన్నత్త. ఇద్దరు అత్తలున్న చోటికి గింజల సంచీతో ఒక మగమనిషి వచ్చేసరికి, రెండు మూడేళ్ళ ఆ బుర్రలకి పెద్దగా ఆలోచించే పని పడలేదు. అతను మొక్కమామ అయిపోయాడు.

మొక్కమామ తేలిగ్గా వచ్చే మొక్కలే తెచ్చాడు. నీళ్ళ గ్లాసులో వేస్తే చాలు వేళ్ళు తన్నే పుదీనా కొమ్మలు, వద్దన్నా మొలిచే ఉల్లిపాయ, నానబెట్టిన బీన్స్ గింజలు. గ్లాసుల్లో పోసిన మట్టిలో చూపుడు వేలిని మొదటి కణుపు దాకా గుచ్చి, ఆ గుంటలో గింజని పడుకోబెట్టి, దుప్పటి కప్పినట్టు మట్టి కప్పాలని చూపించాడు. చిన్నత్త పక్కన కూర్చుని వివరించింది.

"ఒకటి పాతి నీళ్ళు పోస్తే బోలెడు వస్తాయి."

ఆ వాక్యమే కొంప ముంచింది. ఏది పాతితే అన్నది ఆమె చెప్పలేదు.

మర్నాటినుంచి పిల్లలు చెంచా పాతారు. సాక్సు పాతారు. సగం తిన్న బిస్కెట్టు పాతారు, మిగతా సగం ఆ పంట వచ్చాక తినొచ్చని. ఒక బొమ్మని మెడ దాకా పాతితే, అది అప్పు తీర్చలేనివాడి ముఖం పెట్టుకుని గదిలోకి చూస్తూ ఉండిపోయింది. పుదీనా కొమ్మల్ని జడ్జిగారు నమిలేసింది. జడ్జిగారంటే ఒక పాప. నవ్వదు, ఏడవదు, చేతులు కట్టుకుని తీర్పు చెప్పేముందు చూసే చూపు చూస్తుంది. ఉల్లిపాయ లోపల ఏముందో చూద్దామని పొర పొరా ఒలిచారు. లోపల ఏమీ లేదని ఏడ్చారో, ఉల్లిపాయ కాబట్టి ఏడ్చారో, మొత్తానికి ఆ పూట గదంతా కన్నీళ్ళే.

ఇక మిగిలింది బీన్స్. వాటికి ప్రొప్రైటర్ పట్టుకున్నాడు. ఆ బాబుకి వచ్చిన మాట ఒకటే, "నాది". ప్రపంచంలో ప్రతి వస్తువూ వాడిదే. తనది తనచోటే ఉందో లేదోనని రోజూ పొద్దున్నే గింజలన్నిటినీ తవ్వి చూసుకునేవాడు. వాడిని చూసి మిగతావాళ్ళు తవ్వేవాళ్ళు. నిద్రలో ఉన్నవాడిని గంటకోసారి లేపి నిద్రపట్టిందా అని అడిగితే ఎలా నిద్రపోతాడు? గింజలూ అంతే.

మొక్కమామ ఆలోచించి, ఇద్దరు మనుషులు నిలబడేంత పొడుగున్న నల్ల తొట్టి ఒకటి మోసుకొచ్చి, నిండా మట్టి పోసి గోడవారగా పెట్టాడు. ఇందులో ఏమీ నాటరు, ఇది తవ్వుకోవడానికే అన్నాడు. గింజలున్న గ్లాసుల మీద వల కప్పు బిగించాడు. పిల్లలు వారమంతా తొట్టిని సంతోషంగా తవ్వుకున్నారు. దాని వెనక మూల మాత్రం ప్రొప్రైటర్ స్వాధీనంలో ఉండేది. అక్కడికి ఎవర్నీ రానివ్వడు, ఏనుగు తొండం ఉన్న చిన్న డబ్బాతో తానే నీళ్ళు పోస్తాడు. చాలా బుద్ధిమంతుడయ్యాడని అంతా మెచ్చుకున్నారు.

ఇంతలో పెద్దత్త కళ్ళజోడు కనపడకుండా పోయింది. తొట్టిలో దొరికింది, తలకిందులుగా, బాగా నీళ్ళు పోసి ఉంది. ఆవిడ దాన్ని కొంగుతో తుడుచుకుని, బురద గీతల వెనకనుంచే మేనకోడల్ని చూసింది.

"శుక్రవారం సాయంత్రం తల్లిదండ్రులొస్తారు. అప్పటికి ఈ మట్టిలో వీళ్ళు నాటింది పచ్చగా ఒక్కటి కనిపించనీ, ఉంచుతాను. లేదంటే మట్టీ బయటికి, మట్టి తెచ్చినవాడూ బయటికి."

ఆ మాట విన్నాక మొక్కమామకి రాత్రి అన్నం సహించలేదు. మట్టి పోతే అతను పోయి కుండీలు పై అంతస్తుల్లో పెట్టుకోవలసిందే. కింది అంతస్తులో కాలు పెట్టడానికి కారణం ఉండదు. ఉన్న అసలు కారణాన్ని అతను ఇంతవరకూ ఆమెకి చెప్పలేదు. మొక్కలకి నీళ్ళు పోయడం అతని వృత్తి, ఆమె ముందు నీళ్ళు నమలడం ప్రవృత్తి. బతుకంతా కుండీలతోనే గడిపినవాడు, కుండబద్దలు కొట్టినట్టు ఒక్క మాట అనలేడు.

తన నర్సరీనుంచి నాలుగు మొలకలు తెచ్చి రహస్యంగా గుచ్చుతానని మాత్రం అనగలిగాడు. ఆమె ఒప్పుకోలేదు. పిల్లలు నాటనిది పిల్లలదని చెప్పడం తనవల్ల కాదంది. ఆ మాటతో అతనికి ఆమె మీద ప్రేమ ఇంకో రెండాకులు వేసింది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. పిల్లల మాటలు విని జడ్జిగారి అమ్మ, అత్త మామ అంటే భార్యాభర్తలే కదా అనుకుంది. సాయంత్రం పాపని తీసుకెళ్తూ, మీ ఆయన మా ఇంటికి కూడా మొక్కలిస్తారా అని చిన్నత్తని అడిగింది. చిన్నత్త కాదనవలసిన చోట కంగారుపడి, అడిగి చెప్తానంది. ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి? ఆ ప్రశ్నని అప్పట్నించీ కొంగున కట్టుకుని తిరుగుతోంది.

శుక్రవారం వచ్చింది, బుధవారాల మనిషైన మొక్కమామా వచ్చాడు. గ్లాసుల్లో మట్టి, మట్టి మీద వల, అంతే. చిన్నత్త పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి, మొక్కమామ ఇక రాడనీ, టాటా చెప్పమనీ అంది. ఎవరూ చెయ్యి ఊపలేదు. తరవాత జడ్జిగారు లేచి వచ్చి, అతని చిటికెన వేలు పట్టుకుని తొట్టి దగ్గరికి నడిపించింది.

"బూట్లు తీ."

జడ్జిగారి ఉత్తర్వుని కాదన్నవాడు లేడు. తీశాడు, తొట్టిలో నిలబడ్డాడు. డజను జతల చేతులు మట్టి ఎత్తి చీలమండల దాకా కప్పాయి. ఏనుగు తొండంతో నీళ్ళు పడ్డాయి. ఇదేదో వీడ్కోలు ఆటనుకున్నాడు పాపం. మూలలో దుప్పట్లు మడతపెడుతున్న చిన్నత్త వచ్చి ఏం చేస్తున్నారర్రా అని అడిగింది.

"మామని పాతాం," అంది జడ్జిగారు. "బోలెడు మామలొస్తారు."

అతని కాలివేళ్ళు మట్టిలోంచి కొద్దిగా కనిపిస్తున్నాయి. వేళ్ళున్నవి బతుకుతాయని మొదటివారం నేర్పింది అతనే. భాష కూడా ఆ పూట పిల్లల పక్షమే చేరింది.

చిన్నత్త నవ్వబోయి, నవ్వలేక, దుప్పటి మూలతో కళ్ళు ఒత్తుకుంది. అతను అది చూసి, దగ్గరికి వెళ్దామని ఒక కాలు ఎత్తాడు. డజను గొంతులు ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నాయి. కాలు దించాడు. నిశ్శబ్దం. రెండోకాలు ఎత్తాడు, మళ్ళీ ఏడుపు. దించాడు. స్విచ్చు పెట్టినట్టు పనిచేస్తోంది. ఆ ఏడుపుకి లిఫ్టులోంచి తల్లిదండ్రులు, ఆఫీసుగదిలోంచి పెద్దత్త, అందరూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు.

"ఏమిటయ్యా ఇది?" అంది పెద్దత్త.

"నాటారండీ."

"నాటితే నాటించుకోవడమేనా? బయటికి రా."

"వస్తే ఏడుస్తున్నారండీ."

"పిల్లలన్నాక ఏడుస్తారు. నీకేమైంది?"

అతను అలవాటు ప్రకారం నీళ్ళు నమిలాడు. ఆ నీళ్ళు అయిపోయాయి కాబోలు, మాట బయటికొచ్చింది. "వెళ్ళిపోతే నేనూ ఏడుస్తానేమోనండీ."

గుమ్మంలో ఎవరూ కదల్లేదు, జడ్జిగారి అమ్మ తప్ప. ఆవిడకి ఇదంతా ఒక దంపతుల వ్యవహారంలాగే కనబడుతోంది. "మొక్కల సంగతి మీ ఆయన్ని అడిగి చెప్తానన్నారు," అని చిన్నత్తని గుర్తుచేసింది. "అడిగారా?"

పెద్దత్త కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. "ఎవరి ఆయన్ని?" అంది.

చిన్నత్త మేనత్త వైపు చూసింది. జడ్జిగారి అమ్మ వైపు చూసింది. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు రెండంగుళాలు పైకి పట్టుకుని, తొట్టిలోకి దిగి అతని పక్కన నిలబడింది.

"ఇంకా అడగలేదండీ. ఇప్పుడడుగుతాను," అని అతని వైపు తిరిగింది. "ఏమండీ, వాళ్ళింటికి రెండు మొక్కలు ఇద్దామా?"

ఆ 'ఏమండీ' విని అతనికి ఒళ్ళంతా పూత పూసింది. నమలడానికి నీళ్ళు వెతుక్కోలేదు, దిక్కులు చూడలేదు.

"ఇద్దాం," అన్నాడు.

కుండబద్దలైంది.

ఆ ఘట్టంలోకి ప్రొప్రైటర్ తోసుకొచ్చాడు. చిన్నత్త మడమని రెండు చేతులతో పట్టి లాగుతూ, ఊపిరాడనంత కోపంగా "నాది, నాది" అంటున్నాడు. ఆమె కాలు జరిపింది. ఇద్దరి పాదాల మధ్య, తొట్టి వెనక మూల, మెడ వంచుకుని, తల మీద గింజ టోపీతో సహా ఒక బీన్స్ మొలక నిలబడి ఉంది. పక్కన మట్టి పగిలి ఇంకొకటి వీపు చూపిస్తోంది. ఇందులో ఏమీ నాటరు అన్న మాట వినగానే, ఇంతకంటే భద్రమైన చోటు లేదని వాడు వల బిగించకముందే గ్లాసులన్నీ ఖాళీ చేసి ఆస్తి మొత్తం ఇక్కడికి మార్చుకున్నాడు. దాచుకున్నాడు కాబట్టి తవ్వలేదు. తవ్వలేదు కాబట్టి మొలిచింది.

"ఒక్కటి చాలన్నావత్తయ్యా," అంది చిన్నత్త మెల్లగా. "రెండున్నాయి."

పెద్దత్త వంగి మొలకని చూసింది. ఆ తరవాత నాలుగు పాదాల్నీ చూసింది. ఏ రెంటిని లెక్కపెట్టిందో చెప్పలేదు. జడ్జిగారు మాత్రం చేతులు కట్టుకుని, మామలు ఇంకా రాలేదు గనక ఎవరూ కదలరాదని తీర్పిచ్చింది.

ఆ తీర్పుకి కట్టుబడి ఇద్దరూ అలాగే నిలబడ్డారు. తల్లిదండ్రులు తొట్టి చుట్టూ తిరిగి చూసి, ఒక్కొక్కరే పిల్లల్ని చంకనేసుకుని వెళ్ళారు. ప్రొప్రైటర్ భుజం మీదనుంచి కూడా మొలకనే చూస్తూ వెళ్ళాడు. చివరగా జడ్జిగారు కూడా వెళ్ళిపోయింది. ఏడ్చేవాళ్ళెవరూ మిగల్లేదు. అయినా ఇద్దరిలో ఒక్కరూ కాలు తియ్యలేదు.

పెద్దత్త కుర్చీలు సర్దింది. దుప్పట్లు బీరువాలో పెట్టింది. వెళ్ళబోతూ ఆగి, నేలమీది ఏనుగు డబ్బాని తీసి కుళాయి దగ్గర నింపుకొచ్చింది. మొలక మీద పడకుండా తొండాన్ని పక్కకి తిప్పి, అతని పాదాల మీద కాసిని, మేనకోడలి పాదాల మీద కాసిని పోసింది.

"మట్టి ఆరనివ్వకండి," అంది.